కాగిన నూనె మలివాడకం: విశాఖ ఫిషింగ్ హార్బర్ వంటిళ్లలో

గారెలో, జంతికలో, చేప ముక్కలో వేపాక మూకుడులో మిగిలే నూనెను తెలుగు ఇళ్లలో కాగిన నూనె అంటారు. డబ్బు పెట్టి కొన్న నూనెను పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకునే దేశంలో అలా మనసొప్పకపోవడం మంచిదే. పిండివంటల నూనె తాలింపులకు, కూరలకు మెల్లగా ఖర్చవుతుంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఇళ్లకు మాత్రం ఈ లెక్క అంత సులువుగా కుదరదు. అక్కడ నూనెలో తరచుగా వేగేది చేప. చేప వేగిన నూనెకు ఆయుష్షు తక్కువ.

హార్బర్, దాని చుట్టూ వంటిళ్లు

ఫిషింగ్ హార్బర్ డాల్ఫిన్స్ నోస్ కొండకు ఉత్తరాన, ఓడలు పోర్టులోకి వెళ్లే కాలువకు ఇవతలి ఒడ్డున, వన్‌టౌన్‌ను ఆనుకుని ఉంటుంది. 2022 నవంబరులో దీని ఆధునికీకరణకు శంకుస్థాపన చేసినప్పుడు, రోజుకు 150 టన్నులుగా ఉన్న సామర్థ్యాన్ని 300 టన్నులకు పెంచుతామని కేంద్రం ప్రకటించింది. ఖర్చు అంచనా సుమారు 150 కోట్ల రూపాయలు. తెల్లవారుజామున జెట్టీల మీద వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, రొయ్యలు గుట్టలుగా పడతాయి. పెద్ద రకాలు వేలంలో బయటి ఊళ్లకూ ఎగుమతి కంపెనీలకూ పోగా, చవక రకాలు చుట్టుపక్కల ఇళ్లకు చేరతాయి. కవళ్లూ కానాగంతలూ కారం, పసుపు, ఉప్పు పట్టించి వేపుడుకో, చింతపండు పిండి పులుసుకో వెళతాయి.

వంట ఒడ్డు మీదే కాదు, బోట్లలోనూ సాగుతుంది. రోజుల తరబడి వేటకు వెళ్లే మరబోట్లు బియ్యం, నూనె, ఐస్, గ్యాస్ బండ వేసుకుని బయలుదేరతాయి. ఊగే బోటులో మరిగే నూనె ఎంత ప్రమాదమో కళాసీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా బోట్లు కాలిపోయాయి. బోట్లలోని డీజిల్, గ్యాస్ బండలు ఆ మంటను మరింత పెంచాయి. కాగిన నూనె గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మళ్లీ మళ్లీ కాచిన నూనె కొత్త నూనె కంటే తక్కువ వేడికే పొగ ఎత్తుతుంది, తక్కువ వేడికే అంటుకుంటుంది. అంటుకున్న నూనె మీద నీళ్లు పోయకూడదు. పోస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను నలువైపులా చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూకుడు మీద మూత బోర్లించాలి. ఇల్లయినా బోటయినా చేయాల్సింది ఇదే.

మూకుడులో ఏం జరుగుతుంది

నూనె అణువులో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వామ్లాలు అతుక్కుని ఉంటాయి. వేపుడు వేడి సాధారణంగా 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో నూనె మీద మూడు దాడులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది నీటి దాడి. పదార్థంలోని తేమ ఆవిరిగా బయటికి వస్తూ నూనె అణువును విరగ్గొట్టి కొవ్వామ్లాలను విడగొడుతుంది. ఇలా విడిపడిన కొవ్వామ్లాలు పెరిగేకొద్దీ నూనె ముందుగానే పొగ ఎత్తుతుంది. రెండోది గాలి దాడి. కొవ్వామ్లాల్లో జంట బంధాలు ఉన్న చోట ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్లు పుడతాయి. అవి వేడికి చితికి ఆల్డిహైడ్లుగా మారతాయి. పాత నూనె వాసన వీటిదే. మూడోది, చితికిన ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులుగా మారడం. నూనె చిక్కబడటం, నురగ అణగకపోవడం, మూకుడు అంచున జిగురులాంటి పొర పట్టి ఎంత తోమినా వదలకపోవడం ఈ మూడో మార్పు పనే.

అన్ని నూనెలూ ఒకే తీరున చెడవు. పొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువ, మామూలు రకంలో దాదాపు 60 శాతం. వేరుశనగ నూనెలో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లం. ఒకే ఒక జంట బంధం ఉన్న ఓలియిక్ ఆమ్లంతో పోలిస్తే రెండు బంధాల లినోలియిక్ సుమారు 10 రెట్లు వేగంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు కాబట్టి వేడిని ఎక్కువ సేపు ఓర్చుకుంటుంది. బజ్జీల బళ్ల మీద పామాయిల్ కనిపించడానికి చవక ఒక్కటే కారణం కాదు. నువ్వుల నూనెలోనూ తవుడు నూనెలోనూ నూనె చెడకుండా ఆపే సహజ పదార్థాలు ఉన్నాయి. అయితే నూనె ఓర్చుకుంటుందని గుండె కూడా ఓర్చుకుంటుందనుకోకూడదు. సంతృప్త కొవ్వు రోజూ ఎక్కువగా తింటే రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. రోజువారీ వంటకు ఒకే నూనెను నమ్ముకోకుండా మార్చి మార్చి వాడటం మేలు.

పాత్రకూ ఇందులో పాత్ర ఉంది. ఇనుము, రాగి, ఇత్తడి నూనె చెడటాన్ని వేగిరపరుస్తాయి. ఇనుప మూకుడులో వేపుడు చేయడంలో తప్పు లేదు. వేపుడు అయ్యాక మిగిలిన నూనెను మర్నాటి దాకా అందులోనే వదిలేయడమే తప్పు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో వేపుడు అసలు పనికిరాదు.

చేప వేగిన నూనె ఎందుకు నిలవదు

గారెల నూనెకూ చేపల నూనెకూ తేడా మూడు చోట్ల వస్తుంది.

చేపలో నీరు చాలా ఎక్కువ, బరువులో మూడొంతుల దాకా నీరే. ముక్క వేయగానే నూనె చిటపటలాడేది అందుకే. అంత ఆవిరి వెళ్లేటప్పుడు నూనె అణువులు విరిగిపోవడమూ ఎక్కువే. రెండోది మసాలా. ముక్కకు పట్టించిన కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద నూనెలో రాలి మూకుడు అడుగున మడ్డిగా చేరతాయి. రెండో వాయికి ఆ మడ్డి మాడుతుంది, మూడో వాయికి నల్లబడి కొత్త ముక్కలకు అంటుకుంటుంది. వడగట్టకుండా ఉంచిన నూనెలో ఈ మడ్డి రాత్రంతా నాని చేదు దింపుతుంది.

మూడోది కంటికి కనిపించదు, కానీ అన్నిటికంటే ముఖ్యం. వేపుడులో మార్పిడి ఒకవైపే జరగదు. ముక్క నూనెను పీల్చుకుంటున్నట్టే, ముక్కలోని కొవ్వు నూనెలోకి దిగుతుంది. కవళ్లు, కానాగంతల లాంటి కొవ్వు చేపల్లో ఒమేగా-3 కొవ్వామ్లాలు ఎక్కువ. గుండెకు మంచివని వైద్యులు మెచ్చుకునేవి ఇవే. వీటిలో ఒకదానికి ఐదు, మరొకదానికి ఆరు జంట బంధాలు ఉంటాయి. బంధాలు ఎక్కువైన కొద్దీ గాలి దాడికి లొంగడమూ ఎక్కువ. అందుకే కవళ్లు వేపిన నూనె సాయంత్రానికి నీచు వాసన, మర్నాటికి ముక్కిన వాసన కొడుతుంది. వంజరం ముక్కలు వేపిన నూనె దీనికంటే కాస్త నయం. ఎండు నెత్తళ్లు వేపిన నూనె మరీ త్వరగా పాడవుతుంది. ఎండబెట్టినప్పుడే వాటి కొవ్వు చెడటం మొదలై ఉంటుంది.

పెనం మీద వేపుడుకు నూనె తక్కువ పడుతుంది, అది నిజమే. కానీ పలచగా పరుచుకున్న నూనెకు గాలి తగిలే మేర ఎక్కువ, వేడి కూడా త్వరగా హద్దు దాటుతుంది. పెనం మీద మిగిలిన నాలుగు చెంచాల నూనెను సీసాలోకి ఎత్తి దాచడం వృథా ప్రయాస. దానికి తగిన చోటు ఆ పూట పులుసే. హార్బర్ ప్రాంతంలో ముక్కలు కొన్ని వేపుడుకు, తలలూ తోకలూ పులుసుకు వెళ్లే ఇళ్లలో వేపుడు నూనెలోనే ఉల్లిపాయలు మగ్గించి పులుసు పెట్టుకుంటే, దాచే అవసరమే రాదు. చింతపండు పులుపు నీచును అణుస్తుంది. నీళ్లు పోసి మరిగించే కూర కాబట్టి వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాగిన నూనెకు ఇంతకంటే మంచి మలివాడకం లేదు.

కొలత, చట్టం

నూనె ఎంత చెడిందో చెప్పడానికి ప్రపంచమంతా వాడే కొలత మొత్తం ధ్రువ సమ్మేళనాల శాతం. పైన చెప్పిన మూడు దాడుల్లో పుట్టే పదార్థాలన్నీ కలిపి నూనెలో ఎంత భాగమో అది చెబుతుంది. తాజా నూనెలోనూ ఇవి కొద్ది శాతం ఉంటాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఈ శాతం 25 దాటిన నూనెను వంటకు వాడకూడదని నిబంధన తెచ్చింది. అది 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఫ్రాన్స్‌లోనూ హద్దు 25 శాతమే, జర్మనీలో 24. తనిఖీ అధికారులు వేడి నూనెలో ముంచి చూసే చేతి మీటరుతో దీన్ని కొలుస్తారు.

వాడిన నూనెను ఆహారం దారి నుంచి తప్పించి ఇంధనం వైపు మళ్లించడానికి అదే సంస్థ 2018 ఆగస్టు 10న, ప్రపంచ జీవఇంధన దినం నాడు, రూకో అనే కార్యక్రమం ప్రారంభించింది. 2019 మార్చి 1 నుంచి, రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే వ్యాపారాలు లెక్కలు రాసి, వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వాలి. పెద్ద హోటళ్లు, మిఠాయి కార్ఖానాలు, చిప్స్ తయారీ కేంద్రాలు దీని కిందికి వస్తాయి. బీచ్ రోడ్డు పక్క చేపల వేపుడు బండి, జెట్టీ దగ్గర బజ్జీలు వేసే ఆమె, మన ఇల్లు దీని కిందికి రావు. 25 శాతం హద్దు బండికీ వర్తిస్తుంది, కానీ లెక్కలు రాసి నూనె అప్పగించే పద్ధతి దాని దాకా రాలేదు. ఈ నిబంధనల్లో అసలు లోటు ఇక్కడే ఉంది. పెద్ద హోటలు మొదటి విడతలో వదిలేసిన నూనె చవకగా చేతులు మారి చిన్న బళ్లకు చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చైనాలో కాలువల నుంచీ హోటళ్ల నుంచీ సేకరించిన మురికి నూనెను శుద్ధి చేసినట్టు చూపి మళ్లీ వంటకు అమ్మిన ముఠాల మీద 2011లో ప్రభుత్వం పెద్ద ఎత్తున దాడులు చేయాల్సి వచ్చింది.

ఆరోగ్యం సంగతికి వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు నూనెను పదే పదే కాచవద్దని స్పష్టంగా చెప్పాయి. అలా కాచిన నూనెతో గుండె జబ్బుల ముప్పు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతాయన్నది వాటి హెచ్చరిక. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అధిక వేడిలో వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగను బహుశా క్యాన్సర్ కారకమైనవాటి జాబితాలో చేర్చింది. కిటికీ లేని వంటింట్లో, బోటు కేబిన్ పక్కన, బండి వెనుక నిలబడి రోజూ ఆ పొగ పీల్చేది వండే మనిషి. తినేవాడి గురించి ఎంతో రాశారు. వండేవారి ఊపిరితిత్తుల గురించి రాసింది తక్కువ.

ఇంట్లో పాటించాల్సిన పద్ధతి

ఆహార భద్రత సంస్థ, పోషకాహార సంస్థ రెండూ చెప్పేది ఒకటే: వేపుడుకు ఒకసారి వాడిన నూనెను వడగట్టి కూరకో తాలింపుకో వాడుకోవచ్చు, మళ్లీ వేపుడుకు వాడకూడదు, ఒకటి రెండు రోజుల్లో ముగించాలి. పిండివంటల నూనెకు ఈ రెండు రోజుల గడువు సరిపోతుంది. చేపల నూనెకు ఆ పూటే గడువు అనుకోవడం మంచిది.

వడగట్టడం నూనె గోరువెచ్చగా ఉండగానే చేయాలి. పూర్తిగా చల్లారితే చిక్కబడి గుడ్డలోంచి దిగదు, మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. టీ వడపోత మడ్డిని ఆపలేదు. పలచని నూలు గుడ్డ రెండు మడతలు వేస్తే ఆపుతుంది. వడగట్టిన నూనెను తడి లేని స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో పోసి, వెలుగు తగలని చోట, పొయ్యికి దూరంగా ఉంచాలి. కొత్త నూనెలో పాత నూనె కలపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. పాతదానిలో పుట్టిన పెరాక్సైడ్లు, పాలలో తోడు చుక్కలా, కొత్త నూనెలోనూ అదే మార్పును మొదలుపెడతాయి. ఒకే రోజు గారెలూ చేపలూ వేపాల్సి వస్తే గారెలు ముందు, చేపలు చివర. ముక్కల్ని గుడ్డతో తడి ఒత్తి, ఉప్పు చివర్లో చల్లితే నూనె ఎక్కువ సేపు శుభ్రంగా ఉంటుంది.

ఇంట్లో మీటరు ఉండదు, కానీ కళ్లూ ముక్కూ ఉన్నాయి. నీలి బూడిద రంగు పొగ వచ్చినా, నురగ గట్టిగా పట్టి అణగకపోయినా, నూనె నల్లగా మడ్డిగా మారినా, చిక్కబడినా ఇక అది వంటది కాదు. ముక్క పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండటం, నూనె ఎక్కువగా పీల్చేయడం కూడా అదే చెబుతాయి.

నిజానికి కాగిన నూనె సమస్యకు మొదటి మందు చిన్న మూకుడు. నలుగురికి వేపుడు చేయడానికి లీటరు నూనె పోయనక్కర్లేదు. ముక్క మునిగీ మునగనంత నూనెలో రెండు వాయిలు వేపి, మిగిలింది పులుసులో వేస్తే దాచేదీ ఉండదు, పారేసేదీ ఉండదు.

వంటకు పనికిరానప్పుడు

ఇంటి చిట్కాలుగా ప్రచారంలో ఉన్న వాడకాల్లో కొన్ని నిలబడవు. తలుపు బందులకు, తాళాలకు వాడిన నూనె రాయమంటారు. గాలికి ఆ నూనె జిగురై దుమ్ము పట్టి బందును మరింత బిగదీస్తుంది. దీపాల్లో పోస్తే మసి, వాసన ఎక్కువ. పూజ గదిలో దాన్ని ఎవరూ ఒప్పుకోరు కూడా. మొక్కల మొదట్లో పోస్తే మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి.

సబ్బు మాత్రం నిలబడే వాడకం. కాస్టిక్ సోడా నీటితో కలిస్తే నూనె సబ్బుగా, గ్లిజరిన్‌గా మారుతుంది. బాగా వడగట్టిన కిలో నూనెకు సుమారు 130 గ్రాముల కాస్టిక్ సోడా, 300 గ్రాముల నీరు పడతాయి. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు, సోడా దాన్ని తినేస్తూ మండే వాయువు విడుదల చేస్తుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. అచ్చుల్లో పోసి నాలుగు వారాలు ఆరబెడితే గిన్నెలకూ గచ్చుకూ పనికొచ్చే సబ్బు వస్తుంది. ఒంటికి వాడవద్దు. జపాన్‌లోని బీవా సరస్సులో 1977లో ఎర్రని నాచు విరగపెరిగినప్పుడు, అక్కడి గృహిణులు డిటర్జెంట్లు మానేసి వాడిన వంట నూనెతో చేసిన సబ్బుకు మారే ఉద్యమం నడిపారు. అదే దేశంలో వేడి నూనెలో పొడి చల్లి, గడ్డకట్టాక చెత్తబుట్టలో వేస్తారు. ఆ పొడికి మూలం ఆముదం నుంచి తీసిన కొవ్వామ్లం.

పెద్ద మొత్తంలో పోగైన నూనెకు సరైన గమ్యం బయోడీజిల్. నూనెలో మిథనాల్, క్షారం కలిపితే గ్లిజరిన్ విడిపోయి, డీజిల్‌లా పలచనైన ద్రవం మిగులుతుంది. మన దేశంలో దీనికి ఐఎస్ 15607 ప్రమాణం ఉంది. 2018 జీవఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. వాడిన నూనె నుంచి తీసిన బయోడీజిల్‌ను లీటరు 51 రూపాయలతో మొదలుపెట్టి కొంటామని ప్రభుత్వ చమురు కంపెనీలు 2019 ఆగస్టులో ముందుకొచ్చాయి. ఈ తీరానికి ఆ పరిశ్రమ కొత్తది కాదు. కాకినాడలో అమెరికా కంపెనీ ఏమెటిస్‌కు చెందిన పెద్ద బయోడీజిల్ కర్మాగారం ఉంది. విశాఖ దువ్వాడ సెజ్‌లోని బయోమాక్స్ కర్మాగారం 2017 ఏప్రిల్‌లో పెద్ద అగ్నిప్రమాదానికి గురైంది. మిథనాల్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. కాబట్టి ఇంట్లో బయోడీజిల్ తయారీకి ఎవరూ దిగకూడదు.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిన మాట నిజమే. అలాగని కాగిన నూనెను నేరుగా బోటు ట్యాంకులో పోస్తే ఇంజన్ పాడవుతుంది. నూనె డీజిల్ కంటే సుమారు 10 రెట్లు చిక్కన, ఇంజెక్టర్ల మీద మసి పట్టి నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోవచ్చు.

ఏదీ కుదరనప్పుడు కూడా నూనెను తొట్టిలో పోయకూడదు. మురుగులో ఉండే కాల్షియంతో కలిసి అది గట్టి సబ్బుగడ్డలా మారి గొట్టాలను మూసేస్తుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగు కాలువలో బయటపడ్డ అలాంటి గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. విశాఖలో గెడ్డలు, అంటే మురుగునీరు మోసే వాగులు, తుదకు సముద్రంలోకే దిగుతాయి. తిండి నూనె కదా, చేపలు తింటాయిలే అనుకోవడం పొరపాటు. నీటి మీద పరుచుకున్న వంట నూనె కూడా ముడి చమురులాగే పక్షుల ఈకల్ని అంటిస్తుంది, గాలి నీటిలోకి దిగకుండా అడ్డుపడుతుంది. ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఐదో అనుబంధం వంట నూనెను సముద్రంలో వదలడాన్ని పూర్తిగా నిషేధించింది. 2013 నుంచి అమల్లో ఉన్న ఆ నిషేధానికి పెద్ద ఓడ, చిన్న బోటు అన్న తేడా లేదు. కొద్దిపాటి నూనెను పాత కాగితాల్లోనో ఊకలోనో ఇంకించి చెత్తలో వేయాలి. జిడ్డు గిన్నెను కాగితంతో తుడిచాకే కడగాలి. నూనె ఎక్కువైతే సీసాలో పోగుచేసి సేకరణదారుకు ఇవ్వాలి, ముఖం తెలియని కొనుగోలుదారుకు అమ్మకూడదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ హార్బర్‌లోనే ఉండే ఆ రెండు నెలలు కొత్త ఏర్పాటు ఏదైనా మొదలుపెట్టడానికి అనువైన కాలం. రోజుకు 50 లీటర్ల హద్దు కంటే తక్కువ వాడే బళ్లూ ఇళ్లూ బోట్లూ తమ నూనె తెచ్చి పోయడానికి జెట్టీ దగ్గర తాళం వేసిన ఒక డ్రమ్ము, వారానికోసారి దాన్ని తీసుకెళ్లే గుర్తింపు ఉన్న సేకరణదారు ఉంటే చాలు. నగరపాలక సంస్థ జీవీఎంసీ, పోర్టు, మత్స్యశాఖ కలిసి ఆ డ్రమ్ము పెట్టాలి. అంతవరకు చేపలు వేపిన నూనెను ఆ పూట పులుసులోనే ముగించండి, మిగిలితే గెడ్డలో మాత్రం పోయకండి.